నూట ముప్పై ఏళ్ల కిందటి అమెరికా కాలేజీలో బ్యాచ్ పౌరుషం

ప్రశ్న: మా అమ్మాయి మసాచుసెట్స్‌లో ఒక పాత కాలేజీలో చేరింది. దింపడానికి వెళ్లినప్పుడు చూశాను, గేట్ల మీదా బెంచీల మీదా ‘1892 క్లాస్ బహుమానం’, ‘1894 క్లాస్ బహుమానం’ లాంటి రాతలే. దాత పేరు ఉండదు, ఏడాదే ఉంటుంది. ఆ రోజుల్లో చదివినవాళ్లకు తమ బ్యాచ్ మీద అంత అభిమానం ఎక్కణ్నుంచి వచ్చింది? కాలేజీలో వాళ్ల రోజులు ఎలా గడిచేవి? బ్యాచ్‌ల మధ్య కొట్లాటలు కూడా జరిగేవంటారు, నిజమేనా?

జవాబు:

పశ్చిమ మసాచుసెట్స్‌లో ఒక కాలేజీ గ్రంథాలయంలో పాత పత్రాలు, ఫొటో ఆల్బమ్‌లు, బ్యాచ్‌ల పుస్తకాలు చూసుకునే పనిలో చాలాకాలం ఉన్నాను. నాకు ఎంతో ఇష్టమైన విషయం ఇది. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ముందు అసలు జవాబు చెప్పేస్తాను. అక్కడ ‘1892 క్లాస్’ అంటే ఆ ఏడాది పట్టా పుచ్చుకున్న బ్యాచ్ అని గుర్తుంచుకోండి. ఆ అభిమానాన్ని పుట్టించింది టైమ్‌టేబుల్. ఒకే ఏడాది చేరిన వందమంది కుర్రాళ్లు నాలుగేళ్లపాటు ఒకే గదిలో, ఒకే వరుసలో, ఒకే పాఠం చదివారు. రోజూ కలిసి ప్రార్థనకు వెళ్లారు, కలిసి కసరత్తు చేశారు, కలిసి దెబ్బలు తిన్నారు. పాటలు, రంగులు, నినాదాలు ఆ తర్వాత వచ్చి చేరినవే. మన ఊళ్లలో ‘1995–96 పదో తరగతి బ్యాచ్ ఆత్మీయ సమ్మేళనం’ అని ఫ్లెక్సీ కట్టేవాళ్లను తీసుకోండి. డిగ్రీ బ్యాచ్‌ల కన్నా పదో తరగతి బ్యాచ్‌లే ఎక్కువగా కలుస్తాయి కదా. కారణం ఇక్కడా అదే: అందరిదీ ఒకే గది, ఒకే పాఠం, ఒకే మాస్టారు.

నాకు బాగా తెలిసిన ఉదాహరణ ఆమ్హెర్స్ట్ కాలేజీ. 1821లో మొదలైంది. 1890ల మొదట్లో అక్కడ మొత్తం విద్యార్థులు దాదాపు 400 మంది, అందరూ మగపిల్లలే. లాటిన్, గ్రీకు రాకపోతే చేరడమే కష్టం. చేరాక కూడా మొదటి రెండేళ్లు ఆ రెండు భాషలూ గణితమూ తప్పించుకోవడానికి దాదాపు వీల్లేదు. ఇప్పటి ఉపన్యాసం లాంటిది తక్కువ. క్లాసంటే అప్పజెప్పడమే. మాస్టారు ఒకణ్ని లేపుతాడు, వాడు నిన్నటి ముప్పై పంక్తులు చదివి అర్థం చెప్పాలి, పక్కనే మార్కు పడుతుంది. అలాంటిదే ఇంకో పాత కాలేజీ యేల్‌లో నాలుగు మార్కులకు ఇంత అని వేసేవారు. ఎవడి పేరు ఎప్పుడు వస్తుందో తెలియదు కాబట్టి బెంచీ మొత్తానికీ గుండె దడే. పక్కవాడు గుసగుసగా అందించే మాట, రాత్రి చేతులు మారే అనువాదం పుస్తకం (మన గైడుకు ముత్తాత అనుకోండి), తడబడినవాడి మీద జాలి, గడగడా అప్పజెప్పినవాడి మీద అసూయ, ఇవన్నీ వందమందికీ ఉమ్మడి. ఎవడు ఎంతవాడో నెల తిరిగేసరికి అందరికీ తెలిసిపోయేది. నాలుగేళ్లు ఇలా గడిస్తే మనుషుల మధ్య ఏర్పడే ఎరుక వేరు.

గదుల సంగతి చెప్పాలంటే, సుఖం తక్కువ. బొగ్గు పొయ్యి ఎవరిది వాళ్లే రాజేసుకోవాలి, నీళ్లు మోసుకోవాలి, కిరసనాయిలు దీపం దగ్గర చదువుకోవాలి. చాలామంది ఊళ్లోని ఇళ్లలో అద్దెకుండేవారు. భోజనానికి పదిమందో ఇరవైమందో కలిసి ఒక ఇంటావిడతో మాట్లాడుకునేవారు. ఆ గుంపును కూడగట్టి లెక్కలు రాసే కుర్రాడికి భోజనం ఉచితం. పేదింటి పిల్లలు చాలామంది అలాగే నెట్టుకొచ్చారు.

పొద్దున్నే ప్రార్థన తప్పనిసరి. ప్రార్థన మందిరంలో బ్యాచ్‌ల వారీగా కూర్చునేవారు, సీనియర్లకు పెద్దరికం. యేల్‌లో ప్రార్థన ముగిసి కాలేజీ ప్రెసిడెంటు (మన ప్రిన్సిపాల్ లాంటివాడు) మధ్య దారిన బయటికి నడుస్తుంటే సీనియర్లు రెండు వైపులా నడుం వంచి నమస్కరించేవారు. హార్వర్డ్ 1886లోనే ఈ నిర్బంధం ఎత్తేసింది. యేల్‌లో మాత్రం 1926 దాకా సాగింది. మతం సంగతి అటుంచితే, రోజుకొకసారి కాలేజీ మొత్తం ఒకేచోట, ఏ బ్యాచ్‌కు ఆ బ్యాచ్‌గా కూర్చుని ఒకరినొకరు చూసుకోవడమనే ఏర్పాటుకు చాలా బలం ఉంది. ఎవడు రాలేదో తెలుస్తుంది, ఎవడు దిగులుగా ఉన్నాడో కూడా తెలుస్తుంది.

ఆమ్హెర్స్ట్‌లో దీనికి తోడు ఇంకొకటి ఉండేది. నాకు అన్నిటికన్నా నచ్చేది అదే. 1861లో ఆ కాలేజీ ఎడ్వర్డ్ హిచ్‌కాక్ అనే వైద్యుణ్ని ఆరోగ్యశాస్త్రం, వ్యాయామం నేర్పే ప్రొఫెసరుగా నియమించింది. అమెరికాలో అలాంటి పదవి అదే మొదటిది. కుర్రాళ్లు చదువు భారంతో జబ్బుపడి మధ్యలోనే ఇంటికి పోతున్నారన్న బెంగతో వచ్చిన ఏర్పాటు అది. ఆయన పెట్టిన పద్ధతి ఏమిటంటే, వారానికి నాలుగు రోజులు ప్రతి బ్యాచ్ మొత్తం ఒక్కసారిగా కసరత్తు శాలకు రావాలి. అందరికీ చేతుల్లో తేలికపాటి చెక్క డంబెల్స్. ఒకడు పియానో వాయిస్తుంటాడు. బ్యాచ్ తానే ఎన్నుకున్న కెప్టెన్ ముందు నిలబడి ఆజ్ఞలిస్తుంటే వందమందీ లయ తప్పకుండా కదలాలి. చివర్లో కాసేపు గోల చేయడానికీ, గెంతడానికీ అనుమతి. ముసలి డాక్టరుకు అది అల్లరిగా తోచలేదు, అదీ ఆరోగ్యమే అన్నాడు. ప్రతి విద్యార్థి ఎత్తు, బరువు, ఛాతీ కొలతలు ఏడాదికేడాది రాయించాడు. యాభై ఏళ్లు అదే కాలేజీలో పనిచేసి 1911లో కన్నుమూశాడు. బ్యాచ్ పౌరుషం పెంచాలని ఆయన అనుకున్నాడో లేదో గానీ, దాన్ని ఇంతకన్నా బాగా పెంచే పద్ధతి నాకైతే కనిపించలేదు. కలిసి అడుగు వేసినవాళ్లు కలిసి మెలగడం నేర్చుకుంటారు.

ఇక మీరడిగిన కొట్లాటలు. నిజమే, అది కూడా ఏటా క్యాలెండరు ప్రకారం జరిగే పనే. కొత్తగా వచ్చిన మొదటి ఏడాది వాళ్లకూ రెండో ఏడాది వాళ్లకూ మధ్య పోరు. మూడో ఏడాది వాళ్లు మొదటి ఏడాది వాళ్లను వెనకేసుకొచ్చేవారు, నాలుగో ఏడాది వాళ్లు రెండో ఏడాది వాళ్లను. అంటే బేసి సంవత్సరాల బ్యాచ్‌లు ఒక పక్షం, సరి సంవత్సరాల బ్యాచ్‌లు ఇంకో పక్షం. చాలా కాలేజీల్లో మొదటి ఏడాది కుర్రాడు చేతికర్ర పట్టుకుని తిరగడానికి వీల్లేదు. కర్ర పట్టడం పెద్దవాళ్ల దర్జా. అందుకని కర్ర కోసమే యుద్ధం. మైదానంలో ఒక కర్రను రెండు బ్యాచ్‌ల బలవంతులూ పట్టుకుంటారు, పిస్తోలు పేలగానే మిగతావాళ్లు మీద పడతారు. గడువు ముగిశాక కర్ర మీద ఎవరి చేతులు ఎక్కువ ఉంటే వాళ్లదే గెలుపు. చొక్కాలు పీలికలయ్యేవి, ఎముకలు విరిగేవి. ప్రిన్స్‌టన్‌లో ఇదే క్రమంగా ఇద్దరిద్దరి మధ్య కుస్తీగా మారింది.

యేల్‌లో గొడవ కంచె మీద కూర్చోవడం గురించి. కాలేజీ మూలన వీధుల కూడలి దగ్గర ఒక కొయ్య కంచె ఉండేది. దాని మీద ఒక్కో బ్యాచ్‌కు ఒక్కో భాగం. సాయంత్రాలు అక్కడే పాటలు, అక్కడే కబుర్లు. మొదటి ఏడాది వాళ్లకు మాత్రం చోటు లేదు, బేస్‌బాల్‌లో హార్వర్డ్ మొదటి ఏడాది జట్టును ఓడిస్తేనే ఆ హక్కు దక్కేది. కొత్త భవనం కట్టడానికి 1888లో ఆ కంచె తీసేస్తామన్నప్పుడు విద్యార్థులూ పూర్వ విద్యార్థులూ ఎంత మొత్తుకున్నా ఆగలేదు. చదువుతున్నవాళ్లకు అక్కడ ఏం పోతోందో కట్టేవాళ్లకు అర్థం కాలేదనే నా అభిప్రాయం.

ఇదంతా ముచ్చటగా చెప్పుకుని ఆపేస్తే అబద్ధమవుతుంది. 1894 ఫిబ్రవరిలో కార్నెల్‌లో మొదటి ఏడాది వాళ్లు విందు పెట్టుకున్నారు. బ్యాచ్ విందును చెడగొట్టడం, బ్యాచ్ నాయకుణ్ని ముందురోజే ఎత్తుకుపోయి దాచడం ఆ కాలంలో చాలాచోట్ల మామూలు. ఈసారి విందు గదిలోకి గొట్టాల ద్వారా క్లోరిన్ వాయువు వదిలారు. వంట చేయడానికి వచ్చిన ఒక నల్లజాతి స్త్రీ చనిపోయింది. విచారణలో నోరు విప్పనన్న ఒక విద్యార్థిని జైల్లో పెట్టారు. తన మీదికే వచ్చే సాక్ష్యం చెప్పనక్కర్లేదన్న హక్కు మీద అతను పై కోర్టుకెళ్లి విడుదలయ్యాడు. చివరికి ఎవరికీ శిక్ష పడలేదు. తోటివాడి పేరు చెప్పకూడదన్న పట్టుదలను ఆ రోజుల్లో మగతనం అనుకునేవారు. దాన్నే మనం స్నేహం అని మెచ్చుకుంటాం. ఒక నిర్దోషి ప్రాణం పోయాక కూడా అదే పట్టుదల న్యాయానికి అడ్డు నిలబడింది. ర్యాగింగ్ చూసిన మనకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. బ్యాచ్ పౌరుషాన్ని పొగిడేవాళ్లు ఈ సంఘటనను పక్కన పెట్టేసి మాట్లాడితే నేను ఒప్పుకోను.

హాని లేని వైరానికి ఆమ్హెర్స్ట్ సబ్రినా కథే చక్కటి ఉదాహరణ. 1857లో జోయెల్ హేడెన్ అనే ఆయన కాలేజీకి సబ్రినా అనే జలకన్య విగ్రహం ఇచ్చాడు. కుర్రాళ్లు దానికి రంగులు పూశారు, బట్టలు తొడిగారు, నానా హింసా పెట్టారు. 1880ల్లో విసిగిపోయిన కాలేజీ పెద్దలు దాన్ని ధ్వంసం చేయమని నౌకరుకు చెప్పారు. అతనికి చేతులు రాక తన కొట్టంలో దాచేశాడు. 1890 బ్యాచ్ వాళ్లు దాని ఆచూకీ పట్టి, ఎత్తుకొచ్చి తమ విందులో నిలబెట్టారు. ఇక దొంగతనాలు, ఎత్తుకు పైఎత్తులు. చివరికి అది సరి సంవత్సరాల బ్యాచ్‌ల చేతికి చిక్కింది. ఒక సరి బ్యాచ్ వెళ్లిపోతూ తర్వాతి సరి బ్యాచ్‌కు రహస్యంగా అప్పగించేది. బేసి బ్యాచ్‌లు వెతకని చోటు లేదు. విందు మధ్యలో ఒక్క క్షణం విగ్రహాన్ని చూపించి మాయం చేయడం సరి బ్యాచ్‌ల ఘనత. 1934లో గానీ దాన్ని కాలేజీకి తిరిగివ్వలేదు. అంటే విగ్రహాన్ని మొదట ఎత్తుకొచ్చినవాళ్ల పిల్లలు కూడా ఈ పోటీలో పాల్గొనే వయసుకు వచ్చేశారన్నమాట!

ఆడపిల్లల కాలేజీల్లో ఇవేవీ లేవనుకోకండి. ఆమ్హెర్స్ట్‌కు కొద్ది మైళ్ల దూరంలోని నార్తాంప్టన్‌లో 1875లో స్మిత్ కాలేజీ తెరిచారు. బాస్కెట్‌బాల్ 1891 చివర్లో పక్కనే ఉన్న స్ప్రింగ్‌ఫీల్డ్‌లో పుట్టింది. స్మిత్‌లో వ్యాయామం నేర్పే సెండా బెరెన్సన్ వెంటనే దాన్ని తన విద్యార్థినులకు నేర్పింది. 1893 మార్చి 22న రెండో ఏడాది వాళ్లకూ మొదటి ఏడాది వాళ్లకూ తొలి పోటీ పెట్టింది. ఆడపిల్లలు కసరత్తు దుస్తుల్లో ఉంటారని మగవాళ్లను లోపలికి రానివ్వలేదు. శాలంతా రెండు బ్యాచ్‌ల రంగులు కట్టారు, ఎవరి పాటలు వాళ్లు పాడారు. మొదటి బంతి ఎగరేసినప్పుడే ఒకమ్మాయి భుజం జారింది. ఆమె స్థానంలో ఇంకొకరిని దింపి ఆట సాగించారు. రెండో ఏడాది వాళ్లు 5–4తో గెలిచారు. అమ్మాయిలు ఎక్కువ చదివితే ఆరోగ్యం దెబ్బతింటుందని పెద్ద పెద్ద వైద్యులే వాదించిన కాలం అది. ఆ అరుపులూ ఆ పాటలూ వాళ్లకు సరైన జవాబు.

అప్పట్లో బయటివాళ్లుగా మిగిలినవాళ్ల గురించి కూడా చెప్పాలి. సోదర సంఘాలు అనేవి వేరే ఉండేవి. అవి తమకు నచ్చినవాళ్లను ఏరుకుని చేర్చుకునేవి. బ్యాచ్ అలా కాదు, ఆ ఏడాది చేరితే చాలు, నువ్వు దానివాడివే. ఈ తేడా చాలా పెద్దది. వెర్మాంట్ పల్లెటూరి నుంచి 1891లో ఆమ్హెర్స్ట్‌కు వచ్చిన కాల్విన్ కూలిడ్జ్ అనే బిడియస్తుణ్ని మూడేళ్లపాటు ఏ సంఘమూ చేర్చుకోలేదు. బ్యాచ్ మాత్రం వదల్లేదు. మూడో ఏడాది వాళ్లకు పొడుగు టోపీ పెట్టి, చేతికర్ర పట్టి మైదానం ఆ చివరి నుంచి ఈ చివరికి పరుగెత్తే ఆచారం ఉండేది. చివర వచ్చిన ఏడుగురు అందరికీ విందు ఇవ్వాలి. కూలిడ్జ్ ఆ ఏడుగురిలో ఒకడు. ఆ విందులో లేచి మాట్లాడితే జనం పొట్టచెక్కలయ్యేలా నవ్వారు. నోరు లేనివాడనుకున్నవాడిలో ఇంత హాస్యం ఉందని అప్పుడే తెలిసింది. 1895లో క్లాస్ డే (పట్టా పుచ్చుకునే ముందు బ్యాచ్ జరుపుకునే పండుగ) నాడు చెట్ల కింద చేసే హాస్య ప్రసంగానికి బ్యాచ్ అతన్నే ఎన్నుకుంది.

అంతకు మూడేళ్ల ముందు, 1892 బ్యాచ్ తన క్లాస్ డే వక్తగా విలియం లూయిస్‌ను ఎన్నుకుంది. వర్జీనియాలో బానిసత్వం నుంచి బయటపడిన తల్లిదండ్రుల కొడుకు. కాలేజీ ఫుట్‌బాల్ జట్టుకు కెప్టెన్ కూడా అతనే. ఆ ఏడాది పట్టాల పండుగకు, తర్వాత నల్లజాతి హక్కుల పోరాటంలో పేరుమోసిన మేధావి డూబాయిస్ స్వయంగా వచ్చాడు. దక్షిణాదిలో నల్లవాళ్లను చెట్లకు ఉరి తీస్తున్న సంవత్సరాలవి. అమెరికా అంతా ఆమ్హెర్స్ట్‌లా ఉందని నేను అనను, ఆమ్హెర్స్ట్‌లో కూడా అన్ని తలుపులూ తెరిచి ఉండేవనీ అనను. కానీ నాలుగేళ్లు పక్కన కూర్చుని అప్పజెప్పినవాణ్ని, పక్కన నిలబడి దెబ్బలు కాచినవాణ్ని ఓటు వేసి గెలిపించుకున్నారు. లూయిస్ 1911లో అమెరికా ప్రభుత్వంలో అసిస్టెంట్ అటార్నీ జనరల్ అయ్యాడు.

మీరు చూసిన రాతలకు వస్తే, ఈ బంధం కాలేజీతో తెగలేదు. ప్రతి బ్యాచ్‌కూ ఒక కార్యదర్శి, కొన్నేళ్లకొకసారి ఒక పుస్తకం: ఎవరికి పెళ్లయింది, ఎవరు పోయారు, ఎవరు ఎక్కడ ఏం చేస్తున్నారు. చాలా బ్యాచ్‌లు తమలో మొదట పుట్టిన బిడ్డకు వెండి కప్పు ఇచ్చేవి. కాలేజీకి బహుమానాలివ్వడంలో ప్రిన్స్‌టన్ 1879 బ్యాచ్ అందరినీ మించింది. కాలేజీ పాత భవనం మెట్ల దగ్గర రెండు సింహాలు పెట్టించింది. ఈలోగా కాలేజీ గుర్తు పులి అయిపోతే 1911లో వాటి చోట రెండు పులుల్ని పెట్టించింది. 1904లో ఒక భవనమే కట్టించింది. తర్వాత అమెరికా అధ్యక్షుడైన వుడ్రో విల్సన్ ఆ బ్యాచ్‌లో ఉన్నాడు. అతను రాజకీయాల్లోకి వెళ్లినప్పుడు డబ్బుతో ఆదుకున్నవాళ్లలో క్లీవ్‌లాండ్ డాడ్జ్, సైరస్ మెకార్మిక్ ఇద్దరూ అదే బ్యాచ్. సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయిన మహ్లాన్ పిట్నీ కూడా అదే. అలాగే అమెరికా అధ్యక్షుడైన కూలిడ్జ్ 1927లో మెక్సికోకు రాయబారిగా పంపింది తన బ్యాచ్‌మేట్ డ్వైట్ మారోను. ఇది మంచా చెడా అని అడిగితే, రెండూ అంటాను. నమ్మకమైన మనిషి దొరకడం మంచిదే. ఆ బెంచీ మీద కూర్చునే అవకాశం దొరకనివాళ్ల గతేమిటన్నది మిగిలే ప్రశ్న.

ఆ కాలం ఎలా ముగిసిందో కూడా టైమ్‌టేబులే చెబుతుంది. 1869లో హార్వర్డ్ ప్రెసిడెంటుగా వచ్చిన చార్లెస్ ఎలియట్, ఎవరికి కావలసిన పాఠాలు వాళ్లు ఎంచుకోవచ్చన్నాడు. శతాబ్దం చివరికి అక్కడ అందరూ తప్పనిసరిగా చదవాల్సింది మొదటి ఏడాది ఇంగ్లిషు రచన ఒక్కటే మిగిలింది. చదువుకు అది గొప్ప మేలు. విజ్ఞానశాస్త్రాలు, చరిత్ర, కొత్త భాషలు అలాగే లోపలికి వచ్చాయి. కానీ పక్కవాడు ఏం చదువుతున్నాడో తెలియని రోజులొచ్చాయి. విద్యార్థుల సంఖ్య కూడా పెరిగిపోయింది, డబ్బున్నవాళ్లు బయట ఖరీదైన గదుల్లో ఉన్నారు, పేదవాళ్లు కాలేజీ పాత గదుల్లో మిగిలారు. ఎలియట్ తర్వాత వచ్చిన లొవెల్‌కు ఇది బాధ కలిగించింది. అందుకే మొదటి ఏడాది వాళ్లందరూ ఒకేచోట ఉండేలా 1914లో ప్రత్యేకంగా వసతి గృహాలు తెరిపించాడు. మీ అమ్మాయిని కూడా మొదటి ఏడాది వాళ్లకే కేటాయించిన భవనంలో ఉంచి ఉంటే, దాని వెనక ఉన్న ఆలోచన ఇదే.

డబ్బు వసూళ్లు మాత్రం ఇప్పటికీ బ్యాచ్ లెక్కనే సాగుతున్నాయి. యేల్ 1890లో పూర్వ విద్యార్థుల నిధి మొదలుపెట్టి, ఒక్కో బ్యాచ్‌కు ఒక్కో ప్రతినిధిని పెట్టి చందాలు అడిగించింది, మిగతా కాలేజీలూ అదే దారి పట్టాయి. పట్టా పుచ్చుకున్న ఏడాదిలోనే మీ అమ్మాయికి అలాంటి ఉత్తరం వస్తుంది. ఈలోగా వీలైతే కాలేజీ పాత పత్రాల విభాగానికి వెళ్లి, 1890ల నాటి ఏదైనా బ్యాచ్ ఇరవై ఐదేళ్లకు వేసుకున్న పుస్తకం అడగమనండి. విద్యార్థులు అడిగితే సంతోషంగా చూపిస్తారు. అందులో పేరున్నవాళ్లను వదిలేసి, ఊళ్లో బడిపంతులుగా, చిన్న చర్చి పాస్టరుగా స్థిరపడినవాళ్లు తమ గురించి రాసుకున్న నాలుగేసి పంక్తులు చదవమనండి.